మిలిటరీ బేస్‌లో మా 17 ఏళ్ల అబ్బాయిని ఎంపీలు (మిలిటరీ పోలీసులు) ఆపారు, ఇది ఏ కోర్టు పరిధిలోకి వస్తుంది?

నాన్న_టెక్సాస్:

అందరికీ నమస్కారం అండి. మేం టెక్సాస్‌లో ఉంటాం, నాది హెచ్1బీ, ఇంట్లోవాళ్లు హెచ్4, గ్రీన్‌కార్డ్ కోసం ఐ-485 దరఖాస్తు వేసి ఎదురుచూస్తున్నాం. మా పెద్దబ్బాయికి 17 ఏళ్లు, వాడి క్లాస్‌మేట్ వాళ్ల నాన్న ఆర్మీలో సార్జెంట్, ఇల్లు బేస్ లోపలే. శనివారం సాయంత్రం వీడు కారేసుకుని వాళ్లింటికి వెళ్లాడు, విజిటర్ సెంటర్‌లో పాస్ ఇచ్చారు, ఇంతకు ముందు కూడా వెళ్లాడు కాబట్టి మేమేం అనుకోలేదు. రాత్రి తిరిగొచ్చేటప్పుడు గేటుకి వెళ్లే దారి తప్పి మోటార్ పూల్ వైపు పోయాడు, అక్కడ ఆర్మీ బండ్లు వరసగా పెట్టి ఉంటాయట, దారి తప్పానని తెలిసి కంగారులో స్పీడ్‌గా వెనక్కి వస్తుంటే మిలిటరీ పోలీస్ లైట్లేసి ఆపారు.

కారంతా వెతికారు. ఫోన్ చూపించమన్నారు, వీడు భయపడి అన్‌లాక్ చేసి ఇచ్చేశాడు. తర్వాత స్టేషన్‌కి తీసుకెళ్లి కూర్చోబెట్టి ఏం జరిగిందో రాయమంటే రెండు పేజీలు రాశాడు, ప్రతి పేజీ కింద పొడి అక్షరాలు వేయించుకున్నారట. అదంతా అయ్యాక నాకు ఫోన్ చేశారు. నేను వెళ్లి సంతకం పెట్టి తీసుకొచ్చుకున్నా. దురుసుగా ఏం మాట్లాడలేదు, ఆ మాట చెప్పాలి, కానీ పిల్లాడు అప్పటి నుంచి సరిగా తినట్లేదు, వాళ్లమ్మ ఏడుస్తూనే ఉంది.

నా భయాలు ఏంటంటే అసలు సైన్యం వాళ్లకి మామూలు పౌరుల పిల్లల్ని పట్టుకునే అధికారం ఉందా, దీన్ని మిలిటరీ కోర్టులో పెడతారా, టెక్సాస్ పోలీసులకి ఇస్తారా, మైనర్‌ని తల్లిదండ్రులు లేకుండా అలా రాయించుకోవచ్చా, అన్నిటికంటే ముఖ్యంగా గ్రీన్‌కార్డ్‌కి ఏమైనా అవుతుందా. ఒక టికెట్ లాంటి పేపర్ ఇచ్చారు, ఇంకో లెటర్ కూడా ఉంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

---

లోన్‌స్టార్_తెలుగు:

బ్రదర్ ముందు కంగారు పడకండి. పోసె కొమిటేటస్ చట్టం అని 1878 నాటిది ఒకటి ఉంది, దాని ప్రకారం ఆర్మీ పౌరుల మీద పోలీస్ పని చెయ్యకూడదు. మీ వాడు సివిలియన్, పైగా మైనర్, వాళ్లు ఆపడమే తప్పు. నేనైతే ఆ టికెట్ కట్టను, ఎదురు కంప్లయింట్ ఇస్తా. మనం వీసా మీద ఉన్నాం కదా అని ప్రతిదానికీ తలొంచుకుంటే ఎలా అండి.

---

ఆర్మీలో_మనోడు:

టికెట్ పక్కన పడేయమనే సలహా మాత్రం దయచేసి పాటించకండి, దానివల్లే చిన్న విషయం వారెంట్ దాకా పోతుంది. నేను మావ్నీ ప్రోగ్రాంలో, అంటే పౌరసత్వం లేనివాళ్లని తీసుకునే పథకంలో, ఆర్మీలో చేరాను, ఎంపీని కాదు కానీ ఎంపీ యూనిట్ పక్కనే పనిచేశాను, ఇలాంటివి చాలా చూశాను కాబట్టి తెలిసినంత రాస్తున్నా.

పోసె కొమిటేటస్ ఉన్నమాట నిజమే. అది మొదట ఆర్మీకి, 1956 నుంచి ఎయిర్‌ఫోర్స్‌కి, 2021 సవరణతో నేవీకి మెరైన్స్‌కి స్పేస్ ఫోర్స్‌కి కూడా వర్తిస్తుంది. కానీ అది ఆపేది ఊళ్లో మామూలు చట్టాలు అమలు చెయ్యడానికి సైన్యాన్ని వాడటాన్ని. బేస్ లోపల శాంతిభద్రతలు, భద్రత చూసుకోవడం సైన్యం సొంత పని, దానికి కోర్టులు ఎప్పటినుంచో ఒప్పుకుంటూనే ఉన్నాయి. అదే ఎంపీలు మీ ఇంటి ముందు రోడ్డు మీద మీ అబ్బాయిని ఆపి టికెట్ రాస్తే అప్పుడు మీరన్న పాయింట్ నిలబడుతుంది. గేటు లోపల నిలబడదు. లోపల సివిలియన్‌ని ఆపొచ్చు, కొంతసేపు ఉంచొచ్చు, తర్వాత సివిల్ అధికారులకి గానీ, మైనర్ అయితే అమ్మానాన్నలకి గానీ అప్పగించాలి. మీరు సంతకం పెట్టి తీసుకొచ్చుకున్నది అందుకే.

కోర్ట్ మార్షల్, అదే మిలిటరీ కోర్టు విచారణ, దాని గురించి అస్సలు ఆలోచించకండి. మిలిటరీ చట్టం, అదే యూసీఎంజే, సైనికులకే. 1957లో రీడ్ వర్సెస్ కోవర్ట్ కేసులో సుప్రీంకోర్ట్ తేల్చేసింది, అందులో ఉన్నది విదేశాల్లో బేస్‌ల్లో భర్తల్ని చంపారని అభియోగం ఉన్న సైనికుల భార్యలు, అంత పెద్ద కేసులోనే పౌరుల్ని కోర్ట్ మార్షల్ చెయ్యడానికి వీల్లేదంది. ఇక దారి తప్పిన స్కూల్ పిల్లాణ్ణి ఎవరూ చెయ్యలేరు.

కారు వెతకడం గురించి, గేటు దగ్గర పెద్ద బోర్డు ఉంటుంది, లోపలికి వస్తే మిమ్మల్నీ మీ బండినీ తనిఖీ చెయ్యడానికి ఒప్పుకున్నట్టే అని. రోజూ దాటేవాళ్లం కూడా దాన్ని చదవం. కారు వరకు దాని మీద వాదించడం కష్టం. ఫోన్ వేరే సంగతి, 2014లో రైలీ కేసులో అరెస్ట్ చేసినా సరే ఫోన్ లోపల చూడాలంటే వారెంట్ ఉండాలని చెప్పారు. కాకపోతే మీవాడు తనే తెరిచి ఇచ్చాడు అంటున్నారు, ఎలా అడిగారు, ఏ మాటలతో అడిగారు అనేది వాణ్ణి కూర్చోబెట్టి మెల్లగా అడగండి, కానీ రాసిపెట్టేది లాయర్ దగ్గరే.

ఇప్పుడు నాకు రెండు విషయాలు కావాలి. ఆ టికెట్ పైన ఏ ఫారం నంబర్ ఉంది? 1408 ఉంటే అది బేస్ లోపలి టికెట్, కోర్టుకి పోదు, బేస్‌లో డ్రైవింగ్ పాయింట్ల వ్యవహారం. 1805 ఉంటే అది ఫెడరల్ కోర్టుది, దాంట్లో ఏ గడిలో టిక్ పెట్టారో చూడండి. రెండోది విజిటర్ పాస్ మీద ఎస్కార్ట్ ఉండాలి అని ఏమైనా ఉందా? అమెరికా పౌరులు కానివాళ్లకి చాలా బేస్‌లు అలా ఇస్తాయి, అంటే స్పాన్సర్ (లోపలికి పిలిచిన బేస్ మనిషి) పక్కన లేకుండా ఒంటరిగా తిరగకూడదు.

---

నాన్న_టెక్సాస్:

చాలా థాంక్స్ అండి, కోర్ట్ మార్షల్ కాదన్న ముక్క ఇంట్లో చదివి వినిపించాను.

టికెట్ కింద మూలన డీడీ ఫారం 1805 అని ఉంది, పైన యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్ట్ వయొలేషన్ నోటీస్. స్పీడింగ్ అని రాశారు. బాక్స్ ఏ దగ్గర టిక్ ఉంది. పాస్ ఫొటో వాడి ఫోన్‌లో ఉంది, మీరన్నట్టే ఎస్కార్ట్ రిక్వైర్డ్ అని చిన్న అక్షరాల్లో ఉంది, మాకు ఎవరూ చెప్పలేదు, క్లాస్‌మేట్ వాళ్ల నాన్న గేటు దాకా వచ్చి తీసుకెళ్లేవాడు, ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు ఆయన ఇంట్లో లేడట. రెండో లెటర్ బేస్ కమాండర్ పేరు మీద ఉంది, ఇంత కాలం బేస్‌లోకి రాకూడదు అని.

---

పారాలీగల్_అక్క:

నేను లా ఫర్మ్‌లో పారాలీగల్‌ని, లాయర్‌ని కాదు, లాయర్‌ని పెట్టుకోమనే చెప్తాను, కానీ ఏం అడగాలో తెలిసి వెళ్తే మీకు మేలు.

బాక్స్ బి అయితే డబ్బు కట్టేసి ముగించుకునే అవకాశం ఉండేది. బాక్స్ ఏ అంటే కోర్టుకి తప్పనిసరిగా రావాలి. డేట్ టికెట్ మీద లేకపోతే ఫెడరల్ టికెట్లు చూసే ఆఫీస్, సెంట్రల్ వయొలేషన్స్ బ్యూరో, నుంచి పోస్ట్‌లో వస్తుంది. అడ్రస్ కరెక్ట్‌గా ఉందో లేదో ఇప్పుడే చూడండి, అపార్ట్‌మెంట్ నంబర్ మిస్సయి నోటీస్ అందక కోర్టుకి పోనివాళ్లు ఉన్నారు, జడ్జికి మాత్రం వీళ్లు ఎగ్గొట్టినట్టే కనపడుతుంది.

కోర్టు ఏది అంటే ఫెడరల్ మేజిస్ట్రేట్ జడ్జి. ఇక్కడే మీ అసలు ప్రశ్న, నేల ఎవరిది అన్నది. అన్ని బేస్‌లూ ఒకటి కాదు అండి. కొన్ని చోట్ల భూమి మీద అధికారం పూర్తిగా ఫెడరల్‌ది, రాష్ట్రం పోలీసులకి కోర్టులకి లోపల పని లేదు. కొన్ని చోట్ల ఇద్దరికీ ఉంటుంది. కొన్ని చోట్ల ఫెడరల్ వాళ్లు మామూలు ఓనర్ లాంటివాళ్లే, చట్టం రాష్ట్రానిదే. ఒకే బేస్‌లో ఒక ముక్క ఒకలా పక్క ముక్క ఇంకోలా కూడా ఉంటుంది, ఎందుకంటే భూమి వేర్వేరు సంవత్సరాల్లో తీసుకున్నారు, 1940 తర్వాత తీసుకున్నదానికైతే ఫెడరల్ వాళ్లు అధికారం ఒప్పుకుంటున్నాం అని రాతపూర్వకంగా నోటీస్ ఇచ్చి ఉండాలి, లేకపోతే లేనట్టే. అందుకే లాయర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న: మోటార్ పూల్ ఉన్న ఆ ముక్క మీద జురిస్‌డిక్షన్ ఏ రకం?

పూర్తి ఫెడరల్ నేల అయినా సొంతంగా అన్ని నేరాలకీ ఫెడరల్ చట్టం ఉండదు కాబట్టి అసిమిలేటివ్ క్రైమ్స్ యాక్ట్ అని ఉంది, ఆ రాష్ట్రం చట్టాన్ని తెచ్చుకుని ఫెడరల్ కోర్టులో వాడతారు. అంటే రూల్ టెక్సాస్‌ది కావచ్చు, కోర్టు మాత్రం ఫెడరల్.

ఇప్పుడు మీకు పనికొచ్చే సంగతి. టెక్సాస్‌లో క్రిమినల్ కేసుల్లో 17 అంటే పెద్దవాళ్ల లెక్కే, జార్జియా విస్కాన్సిన్‌లలో కూడా అంతే. ఇదే గేటు బయట ఏదైనా నేరం కింద అరెస్ట్ అయ్యుంటే అడల్ట్ కేసు. ఫెడరల్‌లో 18 నిండనివాళ్లు జువెనైల్. అదే పిల్లాడు, అదే రాత్రి, కంచెకి ఇటు పెద్దవాడు, అటు మైనర్! మామూలుగా జువెనైల్‌ని ఫెడరల్ కోర్టుకి తేవాలంటే రాష్ట్రం తీసుకోలేదు లేదా తీసుకోనంటోంది లాంటి కారణంతో అటార్నీ జనరల్ తరఫున సర్టిఫికెట్ కావాలి, కానీ ఫెడరల్ నేల మీద జరిగిన, ఆరు నెలలు మించి శిక్ష లేని చిన్న నేరాలకి ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు, మేజిస్ట్రేటే చూడొచ్చు. మీది ఆ కోవలోకే వచ్చేలా ఉంది. బేస్‌ల్లో వాదించేది చాలాసార్లు జాగ్ ఆఫీసర్ (సైన్యంలోని లాయర్), ఫెడరల్ ప్రాసిక్యూటర్‌కి సహాయకుడిగా వస్తాడు. యూనిఫాంలో కనపడితే మీ అబ్బాయి మళ్లీ మిలిటరీ కోర్టు అనుకుంటాడు, ముందే చెప్పి తీసుకెళ్లండి. జడ్జి సివిల్ జడ్జే.

రాయించుకున్న రెండు పేజీల గురించి నాకు బాధగా ఉంది. ఫెడరల్ చట్టంలో జువెనైల్‌ని కస్టడీలోకి తీసుకున్నప్పుడు వాడికి అర్థమయ్యే మాటల్లో హక్కులు చెప్పాలి, తల్లిదండ్రులకి వెంటనే తెలియజెయ్యాలి. మీకు ఫోన్ అంతా రాయించుకున్నాక వచ్చిందంటున్నారు. అది కస్టడీ అవునా కాదా అన్న దగ్గరే వాదన ఉంటుంది, 2011లో జేడీబీ కేసులో సుప్రీంకోర్ట్ పిల్లల వయసుని కూడా లెక్కలోకి తీసుకోవాలంది, పెద్దవాడు లేచి వెళ్లిపోవచ్చు అనుకునే చోట పిల్లాడు అలా అనుకోలేడని. హక్కుల ఫారం మీద, ఆర్మీలో అది 3881, వాడు సంతకం పెట్టాడా, పెడితే ఎన్నింటికి పెట్టాడు, రాసిన పేపర్ మీద టైం ఎంత, మీ ఫోన్‌లో వాళ్ల కాల్ వచ్చిన టైం ఎంత, ఈ మూడు టైంలు పక్కపక్కన పెడితే లాయర్‌కి సగం కథ తెలిసిపోతుంది. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ ఈ రోజే తీసి పెట్టుకోండి. ఇంకొకటి, వాణ్ణి ఫ్రెండ్స్‌తో చాట్‌లో ఈ విషయం రాయొద్దని చెప్పండి.

---

లోన్‌స్టార్_తెలుగు:

సరే అండి, టికెట్ కట్టొద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, బాక్స్ ఏ అని తెలియదు. కానీ ఒక డౌట్, మా ఆఫీస్ దారిలో ఒక రోడ్డు బేస్ భూమి మీదుగానే పోతుంది, గేటు లేదు, కంచె లేదు, అందరూ తిరుగుతారు. అక్కడ ఆపితే?

---

ఆర్మీలో_మనోడు:

మంచి ప్రశ్న. 2014లో ఏపెల్ కేసు సరిగ్గా ఇదే, కాలిఫోర్నియాలో వాండెన్‌బర్గ్ బేస్ భూమి మీదుగా పబ్లిక్ హైవే పోతుంది, పక్కన నిరసనలకి కూడా చోటిచ్చారు. బేస్‌లోకి రావద్దని లెటర్ అందుకున్న ఒకాయన అక్కడ నిలబడితే కేసు పెట్టారు. రోడ్డు జనానికి ఇచ్చినా భూమి బేస్‌దే, కమాండర్ నిషేధం అక్కడా చెల్లుతుంది అని సుప్రీంకోర్ట్ ఏకగ్రీవంగా చెప్పింది. కాబట్టి గేటు ఉందా లేదా అన్నది కాదు, హద్దు ఎక్కడ అన్నదే లెక్క.

నాన్న గారూ, ఇది మీకే ఎక్కువ వర్తిస్తుంది. నాకు టికెట్ కంటే మీ రెండో లెటర్ గురించే ఎక్కువ భయం. దాన్ని బార్ లెటర్ అంటారు. అది ఉండగా మీవాడు మళ్లీ లోపల అడుగు పెడితే ఆ పెట్టడమే నేరం, సెక్షన్ 1382, ఆరు నెలల దాకా జైలు ఉండొచ్చు. 17 ఏళ్ల పిల్లాడు ఫ్రెండ్ బర్త్‌డే అనో ప్రాజెక్ట్ అనో, వాళ్ల నాన్న కార్లో వెనక సీట్లో కూర్చుంటే ఏం కాదులే అనుకుని వెళ్తాడు, అదే జరుగుతుంది చాలాసార్లు. వాడికీ ఆ ఫ్రెండ్‌కీ ఇద్దరికీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి. జీపీఎస్‌లో కూడా ఆ దారి రాకుండా చూసుకోమనండి.

ఆ సార్జెంట్ గారికి ఒకసారి ఫోన్ చెయ్యండి. స్పాన్సర్ ఆయనే కాబట్టి ఆయన కమాండర్ దగ్గర ఆయన కూడా జవాబు చెప్పుకోవాల్సి రావొచ్చు, ఎస్కార్ట్ లేకుండా ఎందుకు వదిలావని. మీరు ఆయన మీద కోపంగా ఉండొచ్చు, కానీ కోపంతో ఫోన్ చెయ్యకండి, కేసు వివరాలు కూడా మాట్లాడొద్దు, మా వల్ల మీకు ఇబ్బంది అయితే క్షమించండి అని అంతే. రేపు ఆయనే మీవాడికి గొప్ప సాక్షి.

---

ఐ485_వెయిటింగ్:

ఇమ్మిగ్రేషన్ ముక్క నేను చెప్తా, మా ఇంట్లో వేరే చిన్న కేసు వల్ల ఇదంతా చదవాల్సొచ్చింది. వలస చట్టంలో జువెనైల్ కేసులో తేలిన తప్పుని కన్విక్షన్‌గా (నేర నిర్ధారణగా) చూడరు, 2000లో డెవిసన్ అనే కేసులో బోర్డ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అప్పీల్స్ చెప్పింది ఇదే. అందుకే అక్క చెప్పిన కంచె అటు ఇటు పాయింట్ మీకు ఇక్కడ కూడా ముఖ్యం, మీ కేసు జువెనైల్ ప్రొసీడింగ్‌గా నడుస్తోందా లేదా అని లాయర్‌తో రాతలో తీసుకోండి. స్పీడింగ్ ఒక్కదాని వల్ల గ్రీన్‌కార్డ్ ఆపిన సందర్భం నేనైతే వినలేదు.

అసలు ప్రమాదం దాచడంలో ఉంది. ఐ-485లో ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా, సైట్ చేశారా (టికెట్ లాంటి నోటీస్ ఇచ్చారా), డిటెయిన్ చేశారా అని అడుగుతారు, ఫారం వేసినప్పుడు లేదు అన్నది అప్పటికి నిజమే, కానీ ఇంటర్వ్యూలో మళ్లీ అడిగితే ఇప్పుడు ఉంది అని చెప్పాలి. మైనర్ కదా రికార్డ్ సీల్ అవుతుంది కదా అని లేదు అని చెప్పేవాళ్లు ఉన్నారు, ఆ అబద్ధం కేసు కంటే పెద్దదవుతుంది. కోర్టు అయ్యాక తుది ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తప్పకుండా తీసుకోండి, జువెనైల్ రికార్డులు బయటివాళ్లకి ఇవ్వరు కాబట్టి తర్వాత మీరు అడిగినా తేలిగ్గా దొరకవు. క్రిమినల్ లాయర్ ఏదైనా ఒప్పందం చేసే ముందే మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి చూపించాలి, ఇద్దరినీ ఒకే కాల్‌లో కూర్చోబెడితే ఇంకా మంచిది. కేసు తేలే వరకు ఇండియా ప్రయాణం పెట్టుకోకండి, అడ్వాన్స్ పెరోల్ (బయటికెళ్లి తిరిగి రావడానికి ముందే ఇచ్చే అనుమతి) ఉన్నా సరే ముందు లాయర్‌ని అడగండి.

---

నాన్న_టెక్సాస్:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. కాల్ లాగ్ తీశాను, నాకు ఫోన్ వచ్చింది రాత్రి 11:52కి. వాడు రాసిన దాని కాపీ మాకివ్వలేదు, అడగొచ్చా? ఫెడరల్ మేజిస్ట్రేట్ కోర్టుల్లో కేసులు చేసే ఒక లాయర్‌తో రేపు అపాయింట్‌మెంట్ దొరికింది, మామూలు ట్రాఫిక్ లాయర్లు ఇద్దరు మాకు ఫెడరల్ తెలియదని నిజాయితీగా చెప్పారు. సార్జెంట్ గారితో మాట్లాడాను, ఆయనే ముందు సారీ చెప్పారు. బార్ లెటర్ తీసేయమని అడిగే దారి ఏమైనా ఉందా?

---

ఆర్మీలో_మనోడు:

ఉంది. లెటర్ కింది భాగంలో ఎవరికి రాయాలో సాధారణంగా ఉంటుంది, గారిసన్ కమాండర్‌కి (బేస్ నిర్వహణ చూసే అధికారికి) గానీ ఆయన లీగల్ ఆఫీస్‌కి గానీ. ఏం జరిగింది, ఎస్కార్ట్ రూల్ తెలియకపోవడం, స్కూల్ నుంచి టీచర్ ఉత్తరం, సార్జెంట్ గారి ఉత్తరం, ఇవి పెడితే కొన్నిసార్లు కాలం తగ్గిస్తారు. కానీ కేసు నడుస్తుండగా రాసే ప్రతి వాక్యం వాళ్ల చేతిలో స్టేట్‌మెంటే, కాబట్టి కోర్టు అయ్యాక లాయర్ చేతే రాయించండి.

---

పారాలీగల్_అక్క:

స్టేట్‌మెంట్ కాపీ మీరు వెళ్లి అడగకండి, లాయర్ ప్రాసిక్యూషన్ నుంచి తెప్పిస్తారు. అది 2823 ఫారం మీద ఉంటుంది, దాంట్లో మొదలుపెట్టిన టైం గడి ఉంటుంది, 11:52తో పోల్చేది దాన్నే. రేపు వెళ్లేటప్పుడు అబ్బాయిని కూడా తీసుకెళ్లండి, క్లయింట్ వాడు, మీరు కాదు, లాయర్ కాసేపు వాడితో ఒంటరిగా మాట్లాడతానంటే బయట కూర్చోండి.